రాలిన ఆకు ఎవరిది?

మార్చి మొదటి వారంలో మన్ననూరు చెక్‌పోస్టు దాటి శ్రీశైలం దారి పట్టిన బస్సులో, కిటికీ పక్క సీటు దొరికిన కొత్తవాళ్లు దాదాపు ఒకే మాట అంటారు: ఏంటండీ, అడవంతా ఎండిపోయిందే! వాళ్ల తప్పేం లేదు. భాద్రపదంలో పది బారల లోపలికి చూపు దూరని చోట ఇప్పుడు వాగు అవతలి గట్టు దాకా బోడి కొమ్మలే. కనిపించనిది నేల ఒక్కటే. టేకాకు, మద్దాకు, చిరుమానాకు, తునికాకు ఒకదాని మీద ఒకటి పడి పాదం దిగే మందాన పరుచుకొని ఉంటాయి. జింక దాకా ఎందుకు, ఉడత పరిగెత్తినా చప్పుడే.

అడవి ఎండలేదు, ఆకు దింపుకుంది. అటవీశాస్త్రజ్ఞులు ఛాంపియన్, సేథ్ 1968లో మన అడవులను వర్గాలుగా విడగొట్టినప్పుడు ఇలాంటివాటిని దక్షిణ ఉష్ణమండల ఎండు ఆకురాల్చే అడవులన్నారు. ఆకు రాల్చడం పేరులోనే ఉంది. ఈ దారి సాగే నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యం విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. ఉష్ణమండల ఎండు అడవుల్లో హెక్టారుకు ఏటా మూడు నుంచి పది టన్నుల దాకా రాలుతుందని వేర్వేరు దేశాల కొలతలు చెబుతున్నాయి. తక్కువలో తక్కువ మూడు టన్నులే వేసుకున్నా ఈ ఒక్క అభయారణ్యంలో ఏడు లక్షల టన్నులు దాటుతుంది. ఇది నా గుణకారమే, ఎవరూ తూచింది కాదు. అయినా ఇంత సరుకు ప్రతి మాఘ ఫాల్గుణాల్లో నేలకు దిగుతుంటే దాని గురించి మనం మాట్లాడుకునేది మంట లేచినప్పుడో, వాకిట్లో చెత్త పెరిగినప్పుడో మాత్రమే.

ఆకు ఎప్పుడు రాలుతుంది, ఎందుకు రాలుతుంది, రాలాక ఎవరికి చెందుతుంది? మొదటి రెండింటికీ జవాబులు చాలావరకు దొరికాయి. మూడోది తేలలేదు. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల జిల్లాలు మూడూ 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా నుంచి విడిపడ్డవే. అయినా ఈ మూడో ప్రశ్నకు మూడు చోట్లా మూడు రకాల జవాబులు వినిపిస్తాయి.

ముందు ఒక అనువాద దోషం సంగతి. ఇంగ్లిషు పాఠాల్లో ఆకులు రాలే కాలం సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఉంటుంది. దాన్ని మనం శరదృతువని తెలుగు చేసుకున్నాం. దాంతో శరత్తు అనగానే పండుటాకులు రాలినట్టు ఊహించుకునే అలవాటు మన కథల్లోకి, కవితల్లోకి చొరబడింది. పాలమూరులో ఆశ్వయుజమంటే ఏమిటో బతుకమ్మ పేర్చిన ఆడపిల్లను అడగండి. గట్ల మీద తంగేడు, చేలల్లో గునుగు, సంతలో సీతాఫలం గంపలు. చెట్టు ఏడాది మొత్తంలో అన్నిటికంటే పచ్చగా ఉండేది అప్పుడే. వానలు ఇంకిన నేల, చల్లబడుతున్న ఎండ, మిగిలిన తేమ అన్నీ దానివే. రాల్చే ఆలోచన పుష్యం దాటాకే వస్తుంది. మన పంచాంగం దీన్ని శిశిరమని, మాఘ ఫాల్గుణాలని ఎప్పుడో రాసిపెట్టింది. శివరాత్రికి చలి పోతుంది, హోలీకి మోదుగ పూస్తుంది, ఉగాదికి వేప పూత కావాలి. ఈ మూడు పండుగల నడుమే ఇక్కడి ఆకు కథంతా నడుస్తుంది.

శరత్తులో ఆకు రాలడం ఇక్కడ అసలే ఉండదా అంటే, ఉంటుంది. కాకపోతే అది రోగం. 2021 వానాకాలం చివర తెలంగాణ అంతటా వేపచెట్ల కొమ్మలు చివర్ల నుంచి మాడిపోయి, ఆకులు కాల్చినట్టు వేలాడటం అందరికీ గుర్తుండే ఉంటుంది. ఊళ్లో పెద్దలు అరిష్టమన్నారు. శాస్త్రవేత్తలు ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడుగా లేత కొమ్మల రసం పీల్చే టీ దోమ అన్నారు. చాలా చెట్లు మళ్లీ వేసవిలో చిగురించాయి. రెండోది టేకు. వానలు వెనకబట్టే వేళకు చిన్న గొంగళిపురుగులు టేకాకులో ఈనెలు వదిలి మిగతాదంతా తినేస్తాయి. ఆకు జల్లెడలా మిగిలి, దూరానికి కొండంతా గోధుమ రంగుకు తిరుగుతుంది. ఫొటో తీసి, ఆటం వచ్చిందని రాసుకునేవాళ్లు ఈ రెండు సంగతులూ తెలుసుకుంటే మంచిది.

చల్లటి దేశాల్లో చెట్టు ఆకు వదలడానికి మూలకారణం మంచు. నేల గడ్డకడితే వేరుకు నీళ్లందవు, లేతాకు మంచుకు చచ్చిపోతుంది. మనకు మంచు బెడద లేదు. మన చెట్టును తరిమేది దాహం. నాగర్‌కర్నూల్, గద్వాల రెండూ పదహారు డిగ్రీల అక్షాంశం మీద, పడమటి కనుమల చాటున ఉన్నాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసిందే వాన. గద్వాల జిల్లా రాష్ట్రంలోనే తక్కువ వాన కురిసే జిల్లాల్లో ఒకటి. అక్టోబరు నుంచి ఎనిమిది నెలలు నేల ఎండుతూ పోతుంది. ఆకు ప్రతిరోజూ ఆవిరి రూపంలో నీళ్లు వదులుతుంది, వేరు తెచ్చేది దానికి చాలదు. ఖర్చు తగ్గించుకోవాలంటే ఖర్చు పెట్టేదాన్నే దించేయాలి.

దించడం కూడా ఊరికే జరగదు. ఆకులో పచ్చదనాన్నిచ్చే క్లోరోఫిల్‌ను చెట్టు ముందుగా విప్పేసి, ఆకు ప్రొటీన్లలోని నత్రజనిని, దాంతోపాటు భాస్వరాన్ని కొమ్మలోకి, బెరడులోకి వెనక్కి లాక్కుంటుంది. ప్రపంచవ్యాప్తంగా చేసిన కొలతల సగటు చూస్తే ఈ రెండింటిలో సుమారు సగం ఇలా తిరిగి చేరుతుంది. పచ్చ పోయాక అప్పటిదాకా దాగున్న పసుపు బయటపడుతుంది. ఆక్సిన్ అనే హార్మోను ఆకులో తగ్గి, ఇథిలీన్ ప్రభావం పెరిగినప్పుడు తొడిమ అడుగున ఒక పలుచని పొర తెగడం మొదలవుతుంది. గాలి చేసేది చివరి పని మాత్రమే. రాలిన చోట గాయం మానినట్టు బెరడు పొర అప్పటికే తయారై ఉంటుంది. ఇల్లు ఖాళీ చేసేవాడు సామాను మోసుకుపోయి, గోడలు వదిలినట్టన్నమాట. నేల మీద పడ్డ ఎండుటాకు ఎరువుగా మంచిదే. కానీ అందులో చెట్టు తీసుకోగా మిగిలింది మాత్రమే ఉంటుందని మరిచిపోకూడదు.

అయితే ఈ దాహం కథకు అందనిది ఒకటుంది. నీళ్లు లేకే ఆకు రాల్చుకుంటే, చుక్క వాన లేని మార్చి చివర్లో, ఎండ నలభై డిగ్రీలకు ఎగబాకే వేళ రావి, వేప, కానుగ లేతాకుతో ఎలా తళతళలాడతాయి? రోల్ఫ్ బోర్చర్ట్, ఆయన సహచరులు కోస్టారికా ఎండు అడవుల్లో చేసిన పరిశీలనలను 2002లో ప్రచురించారు. వానతో పనిలేకుండా, పగటి పొద్దు అరగంట లోపు పెరుగుదలను పట్టుకుని కొన్ని చెట్లు చిగురు తొడుగుతాయని చెప్పారు. ఆకు దింపగానే నీటి ఖర్చు ఆగిపోయి, లోతు వేళ్లు తెచ్చే కొద్ది నీటితో మాను లోపల మళ్లీ తడి నిండుతుంది. వాన వచ్చేసరికి ఆకు సిద్ధంగా ఉన్న చెట్టుకు పొరుగు చెట్టు మీద నెలన్నర ముందంజ. కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన సింగ్, కుష్వాహా వింధ్య ప్రాంతపు అడవుల్లో చెట్టుచెట్టుకూ బోడిగా ఉండే కాలం లెక్కగట్టారు. కొన్నింటికి అది వారాల్లో ముగుస్తుంది, కొన్నింటికి నెలల తరబడి సాగుతుంది. నల్లమలలోనూ అంతే. అందుగు చెట్టు సంక్రాంతి దాటాక బోడిగా నిలబడి వానలకు గాని కళ్లు తెరవదు. వేప పూర్తిగా బోడి కావడం ఎప్పుడో గాని చూడం, పాతాకు దిగుతుండగానే పక్కన కొత్తాకు ఎరుపెక్కుతుంది.

అందుకే శిశిరాన్ని చెట్టు నిద్రపోయే కాలమనడం నాకు సగమే ఒప్పుతుంది. ఆకు పని ఆగుతుంది, పువ్వు పని మొదలవుతుంది. బూరుగు, మోదుగ, కొండగోగు, ఇప్ప, ఆ వెనక రేల అన్నీ బోడి కొమ్మ మీదో, ఆకు పలచబడ్డ కొమ్మ మీదో పూసేవే. ఆకు అడ్డం లేకపోతే మైనాకు, తేనెటీగకు పువ్వు దూరం నుంచే కనిపిస్తుంది. ఈ అడవిలో ఉండే చెంచులకైతే ఇది ఏడాదిలో చేతినిండా పని ఉండే కాలం. బంక, తేనె, ఇప్పపువ్వు ఈ నెలల్లోనే ఇంటికి చేరతాయి. 1956లో మొదలైన గిరిజన సహకార సంస్థ డిపోల్లో తూకాలు జోరందుకునేదీ ఈ నెలల్లోనే. 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల మధ్య తిరిగి, 1943లో వాళ్ల మీద పుస్తకం అచ్చేసిన మానవశాస్త్రజ్ఞుడు హైమండార్ఫ్ కూడా ఎండాకాలంలో గుంపులు నీటి చెలమల వైపు, ఏటి ఒడ్డుకు తరలడాన్ని రాసిపెట్టాడు. అడవి విశ్రాంతి తీసుకుంటుందని మనం బస్సులోంచి అనుకునే వేళ అందులో ఉన్నవాళ్లకు తీరిక దొరకదు.

ఇక రాలిన ఆకు సంగతి. అక్కడినుంచే తగవు.

తేమగల అడవిలో ఆకు పడ్డ మర్నాటి నుంచే కుళ్లుతుంది. మన దగ్గర పడ్డాక మూడు నాలుగు నెలలు అలాగే గలగలమంటూ ఉంటుంది. శిలీంధ్రానికి తడి లేదు, వానపాము లోతుకు దిగిపోయింది. ఆ ఎండలో పనిచేసేది చెదలు ఒక్కటే, మట్టి పొర కప్పుకుంటూ ఆ చాటున ఆకును కొరుక్కుపోతుంది. మృగశిర కార్తెలో మొదటి వాన పడిందంటే మాత్రం రాత్రికి రాత్రి పని మొదలు. దసరా నాటికి పల్చటాకులు గుర్తుపట్టలేని మట్టి అవుతాయి, టేకాకు మరో ఏడాది సాగుతుంది. ఇలా ఫిబ్రవరికి, జూన్‌కు నడుమ నేల మీద పరిచిన ఈ పొర మూడు రకాల వాళ్లకు మూడు రకాలుగా కనిపిస్తుంది. మట్టిశాస్త్రం తెలిసినవాడికి రాబోయే సత్తువ. అగ్నిమాపక సిబ్బందికి పరిచిన గడ్డి. ఇప్పపువ్వు ఏరుకునే అవ్వకు అడ్డం.

ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. పసుపు కలిసిన తెలుపు, వేలి కొసంత కండగల పువ్వు ఎండుటాకుల సందుల్లోకి జారితే ఏరడం నరకం. అందుకని చెట్టు కింద చారెడు జాగా కాల్చి శుభ్రం చేసుకోవడం మధ్య భారతమంతటా ఉన్న అలవాటు. ఆ మంట ఆరిందనుకుని వెళ్లిపోతే మధ్యాహ్నపు గాలికి లేస్తుంది. ఇది అటవీశాఖ చెప్పే కథ. చెంచులు చెప్పేది వేరు. పచ్చిగడ్డి మొలవాలని బయటి నుంచి వచ్చిన మందలవాళ్లు పెట్టే మంటలు, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయ దిగే వేలమందిలో ఎవడో విసిరిన బీడీ ముక్క, శ్రీశైలం రోడ్డు మీద ఆగి వంట చేసుకున్నవాళ్లు ఆర్పని పొయ్యి. అడవిలో బతికేవాళ్లం మా ఇల్లు మేమే కాల్చుకుంటామా అని వాళ్ల ప్రశ్న. రెండు కథల్లోనూ నిజముంది. దేశంలో అడవి మంటలు చాలావరకు మనుషులు పెట్టేవేనన్న మాటను ఎవరూ కాదనడం లేదు. ఏ మనిషి అన్న దగ్గరే పేచీ. భారత అటవీ సర్వే సంస్థకు ఉపగ్రహం నుంచి మంటల కబురు అందుతుంది. 375 మీటర్ల గడిలో వేడి కనబడితే బీట్ అధికారి ఫోనుకు మెసేజి వస్తుంది. మంట కనిపిస్తుందేగాని అంటించిన చెయ్యి కనిపించదు. ఆ ఖాళీని అలవాటైన అనుమానంతో నింపడం ఇక్కడ జరుగుతున్న పొరపాటని నా అభిప్రాయం.

మంటలో ఏం పోతుంది? నల్లమల మంటలు సినిమాల్లో చూపించే కొమ్మకొమ్మకూ ఎగబాకే మంటలు కావు. మోకాలి ఎత్తులో, నేల మీద పాకుతూ ఆకును, గడ్డిని, మొలకను తినేస్తాయి. పెద్ద చెట్టు మాను నల్లబడి బతుకుతుంది. మూడేళ్ల ఏగి మొక్క, ఐదేళ్ల సోమి మొక్క మిగలవు. నేల మీద గుడ్లు పెట్టే పిట్టలు, తాబేళ్లు తప్పించుకోలేవు. ఆకులో ఉన్న నత్రజని పొగలో కలిసి గాలికి పోతుంది. పొటాష్, భాస్వరం బూడిదలో ఉండిపోతాయి గాని, వాలు నేల మీద మొదటి గట్టి వానకు వాగులోకి, వాగు నుంచి కృష్ణలోకి. అడవి పక్క చేలల్లో బూడిద బలం చూసిన రైతు కాల్చితే మంచిదేనంటాడు. ఆ ఒక్క ఏడుకు అది నిజమే, పదేళ్ల వరసలో చూస్తే నష్టం.

ఇందులో ఎక్కువమంది మాట్లాడని మరో మెలిక ఉంది. 1972 వన్యప్రాణి చట్టం అభయారణ్యంలో నిప్పు పెట్టడాన్ని నిషేధించింది. అదే అటవీశాఖ, వేసవి ముదరకముందే ఫైర్‌లైన్ల పేరుతో దారి పట్టీలు గీసి, వాటిలోని ఆకును తానే జాగ్రత్తగా కాలుస్తుంది, పెద్ద మంట దాటకుండా. అంటే వేళ తెలిసి, గాలి చూసి పెట్టిన చిన్న మంట పెద్ద మంటను ఆపుతుందని శాఖకూ తెలుసు. కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో సోలిగ గిరిజనులు ఇదే మాట ఎన్నాళ్లుగానో చెబుతున్నారు. ఎండాకు మంటను వాళ్లు తరగు బెంకి అంటారు. ఎండలు ముదరకముందు, ఆకు పూర్తిగా ఎండకముందు అక్కడక్కడ పెట్టేది. చట్టం వచ్చాక అది ఆగింది, ఆ తర్వాత లాంటానా పొద అడవిని కమ్మేసిందని వాళ్ల వాదన, పరిశోధకులు కొందరు దాన్ని సమర్థించారు కూడా. నల్లమల చెంచులు సోలిగలు కారు, ఇక్కడి గడ్డి వేరు, పొద వేరు. సోలిగల అనుభవాన్ని యథాతథంగా ఇక్కడికి తేలేం. కానీ ఆ ప్రశ్నను అప్పాపూర్‌లోనో, ఫరహాబాద్ పక్క పెంటల్లోనో కూర్చుని అడిగి, రెండు మూడు చిన్న తునకల్లో పరీక్షించి చూడటానికి ఏ చట్టం అడ్డొస్తుందో నాకు అర్థం కాదు. ఈలోగా ఇప్పచెట్టు కింది మంటకు మాత్రం చౌక మార్గమే ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో చెట్టు కింద వలలు కట్టి పువ్వును నేల తాకకుండా పడుతున్నారు. వల లేకపోతే పాత చీర చాలు. పువ్వుకు మట్టి అంటదు, ధరా పెరుగుతుంది.

పెంట అన్న మాట మీద ఒక ముచ్చట. చెంచుల ఊరిని పెంట అంటారు: అప్పాపూర్ పెంట, మల్లాపూర్ పెంట. మైదానంలో అదే మాటకు ఎరువు కుప్ప అని అర్థం. కొండ దిగగానే ఊరు కాస్తా చెత్తకుప్పగా మారిపోయిందని ఎవరైనా ఎకసెక్కమాడితే నాకు నచ్చదు. కానీ మైదానంలోని పెంటకుప్పకు ఒకప్పుడు ఊరికి ఉన్నంత విలువ ఉండేదని మాత్రం గుర్తుచేస్తాను.

ఎలాగంటే, అడవి లేని గద్వాల వైపు వద్దాం. కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డలో చెట్లు గట్ల మీదే, పులి కథలు లేవు. అక్కడ ఆకు రాలేది చేలో. కంది జూన్, జూలైల్లో విత్తితే పుష్యం నాటికి చేతికొస్తుంది. పూత మొదలైనప్పటి నుంచి అడుగాకు పండి రాలుతూనే ఉంటుంది. కోతకొచ్చేసరికి సాలు నడుమ నేల కనిపించదు. పటాన్‌చెరులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ కంది మీద చేసిన పనిలో ఈ రాలిన ఆకుకు గట్టి స్థానమే ఉంది. ఆకు, వేరు కలిపి హెక్టారుకు 40 కిలోల దాకా నత్రజని తర్వాతి పంటకు అందుతుందని అంచనా. ఎకరానికి చూస్తే 16 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 21 కిలోలు. అంటే దాదాపు ముప్పావు బస్తా. యూరియాలా ఒక్క తడికే కరిగిపోయేది కాదిది, మెల్లగా మట్టిలో కలిసేది. బస్తా 266 రూపాయలకే దొరుకుతుంటే ఆకు లెక్క ఎవరికి పడుతుందని అడగొచ్చు. సబ్సిడీ వల్ల అంత చౌక గాని, అసలు ఖర్చు దానికి ఎన్నో రెట్లు. పైగా ఎండాకు మట్టికి ఇచ్చే గుల్లదనాన్ని యూరియా ఇవ్వలేదు. పత్తి మీద పత్తి వేసే విత్తనపత్తి గ్రామాల్లో ఆకు రాల్చే కందికి సాళ్లు తగ్గిపోవడం నాకు పత్తి ధర పడిపోవడం కన్నా పెద్ద వార్తగా తోస్తుంది.

వనపర్తి ఈ రెండింటికీ నడుమ. వేరుశనగ కట్టె పశువులకు పోతుంది, చేలో మిగిలేది తక్కువ. పాత రోజుల్లో మడి దమ్ము చేసేటప్పుడు గట్టు మీది కానుగ కొమ్మ, జిల్లేడు తెచ్చి తొక్కేవారు. ఎత్తిపోతలతో నీళ్లొచ్చాక వరి విస్తరించింది, గట్లు సన్నబడ్డాయి, కానుగ తగ్గింది. ఇప్పుడు అదే పచ్చిరొట్ట కోసం జీలుగ, జనుము విత్తనాన్ని సబ్సిడీ మీద తెచ్చుకుంటున్నారు. ఒక దారి మూసి, ఇంకో దారికి టికెట్టు కొన్నట్టుంది వ్యవహారం. పక్కనున్న కొల్లాపూర్ మామిడి తోటల వాళ్లలో కొందరు మాత్రం రాలిన ఆకును చెట్టు చుట్టూ పాదులో వేసి తడి కాపాడుతున్నారు, సేంద్రియ సేద్యంలో దాన్నే ఆచ్ఛాదన అంటున్నారు. పేరు కొత్తది, పని పాతది.

మిగిలింది పట్టణం. ఇక్కడ ఆకుకు ఉన్న పేరు ఒక్కటే, చెత్త. తెల్లవారకముందే కసవూడ్చి, కుప్పచేసి, అగ్గిపుల్ల గీసే అలవాటు మూడు జిల్లా కేంద్రాల్లోనూ ఉంది. 2016 ఘనవ్యర్థాల నిబంధనలు వీధిలో చెత్త కాల్చవద్దన్నాయి, తోట చెత్తను వేరుగా ఉంచమన్నాయి. అదే ఏడాది డిసెంబరులో జాతీయ హరిత ట్రైబ్యునల్ చిన్న మంటకు 5 వేలు, పెద్ద ఎత్తున కాల్చితే 25 వేల రూపాయల జరిమానా అంది. జరిమానా కట్టినవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు. మా వీధిలోనైతే కుప్ప కాల్చడం, దాని మీద ఒక చెంబు నీళ్లు చల్లి పొగ రాజేయడం రోజూ ఉన్నదే. అడిగితే చెప్పే కారణం, ఆకు ఉంటే పురుగూపుట్రా చేరుతది, చెదలు పడుతది అని. చెదలు భయం తోసిపుచ్చేది కాదు. పక్కనే మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఊడల్ని చెదలు తొలిచేస్తే 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించి కాపాడుకోవాల్సి వచ్చింది. ఇంటి గోడకు, దూలానికి ఎడంగా ఆకు కుప్ప పెట్టుకోవాలని దాని అర్థం. వీధంతా కాల్చాలని కాదు.

పల్లెల్లో 2019 తర్వాత ట్రాక్టరు, డంపింగ్ యార్డు, ఎరువు షెడ్డు వచ్చాయి. ఏర్పాటు బాగుంది. ఆకు, ప్లాస్టిక్ ఒకే బండిలో కలిసి యార్డుకు చేరి, అక్కడ కలిసే మండుతున్న చోట్ల మాత్రం ఊరి మంట ఊరి బయటికి మారింది, అంతే. ఇంకొందరు ఆకు రాల్చని చెట్టే నాటితే పోలేదా అన్నారు. కోనోకార్పస్ అలా వచ్చింది, ఏడాదంతా పచ్చగా, వాకిలి శుభ్రంగా. దుష్ఫలితాల మీద గొడవ మొదలయ్యాక రాష్ట్రమే దాన్ని నాటడం ఆపించింది. ఆకు రాల్చని చెట్టు కోరుకోవడం ఊడ్వడం ఇష్టం లేక తెచ్చుకున్న ముచ్చటని నేనంటే కొందరు మిత్రులకు కోపం వస్తుంది.

ఆకు వాడుకున్న తీరుల్లో ఇస్తారాకును మరవలేం. అయితే ఇక్కడ ఒక పొరపాటు సవరించాలి. రాలిన ఎండు మోదుగాకుతో ఎవరూ విస్తరి కుట్టరు, అది పుల్లకే పగులుతుంది. కోసిన పచ్చాకును నీడన ఆరబెట్టి, ఈనెపుల్లతో కుడతారు. తునికాకూ అంతే. చెట్టు ఆకు దించి బోడయ్యాక ఫిబ్రవరి, మార్చిలో కొమ్మ కొట్టి, ఏప్రిల్, మేలో వచ్చిన కొత్తాకును కోసి, 50 ఆకుల కట్టలుగా కల్లానికి చేరుస్తారు. కాబట్టి రాలిన ఆకుకు మార్కెట్టు లేదు, రాలడం వల్ల పుట్టిన ఆకుకు ఉంది. రాలిన ఆకు గురించి అడిగేవాడు లేకపోవడానికి ఇదే అసలు కారణమేమో.

ఇవన్నీ ముందు పెట్టుకుని చూస్తే నాకు తోచే తీర్పు ఇది. అడవిలో ఆకు అడవిదే. దాన్ని తీయడం గాని, అంతా కాల్చడం గాని వద్దు. ఎక్కడ, ఎప్పుడు, ఎంత కాల్చాలో నిర్ణయించే బల్ల దగ్గర చెంచు మనిషికీ కుర్చీ వేయాలి. చేలో ఆకు చేనిది. అక్కడ కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు, కందికంప ఇంటికి మోసుకుపోయిన రైతు ఆకును ఎప్పుడూ ఇంటికి తేలేదు. తేలాల్సిందల్లా పట్టణంలో, మన వాకిట్లో. మూడడుగుల గుంత, దొంతరకొక తట్ట పేడనీళ్లు, వారానికోసారి తడి ఉంటే వేపాకు మూడు నాలుగు నెలల్లో మట్టి అవుతుంది. మామిడాకుకు, టేకాకుకు ఇంకొంచెం ఓపిక కావాలి. గుంతకు చోటు లేనివాళ్లు చెట్టు మొదట్లో, మానుకు రెండు జానల ఎడంగా చుట్టూ పరిచి ఊరుకోండి. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర వస్తుంది. అప్పటిదాకా అగ్గిపెట్టె పక్కన పెట్టండి. రెండు వానలు తడిశాక కూడా అది మీకు చెత్తలాగే కనిపిస్తే, అప్పుడు మున్సిపాలిటీ బండికి ఎత్తండి.